బారు బల్ల మీద ఇంకొకడి పేరు

హార్లెమ్, న్యూయార్క్
1952 జనవరి 9

అక్కా,

నువ్వు అల్లి పంపిన ఊలు మేజోళ్ళు అందాయి. రెండూ ఎడమకాలివే అనిపిస్తోంది గానీ, ఇక్కడి చలికి ఏ కాలిదైనా ఒకటే. తొడుక్కునే రాస్తున్నాను.

రోలండ్ టీగ్ గారి బ్యాండులో చేరావా లేదా అని అడిగావు. చేరడం మాట దేవుడెరుగు, ఆయన ముందు నిలబడే హక్కు కూడా నాకింకా రాలేదు. ఇక్కడి యూనియన్ పద్ధతి నీకు తెలియదు. వేరే ఊరి నుంచి వచ్చినవాడు తన కార్డు వాళ్ళ దగ్గర పెట్టి ఆరు నెలలు కాచుకోవాలి. ఈలోపు ఏ బ్యాండులోనూ స్థిరంగా కుదరకూడదు, రికార్డు చేయకూడదు. ఎక్కడైనా ఒక్కరోజు డాన్సు పిలుపు వస్తే పోయి రావచ్చు. తప్పు చేసి దొరికితే జరిమానా వేసి, కార్డు రద్దు చేసి పంపించేస్తారు. నవంబరులో కార్డు పెట్టాను కదా, మే పదిహేనుకి విడుదల. టీగ్ గారి దగ్గర టెనర్ శాక్సఫోన్ వాయించేవాడు వేసవిలో పారిస్ వెళ్ళిపోతాడట. అంటే కుర్చీ ఖాళీ అయ్యేసరికి నా కార్డు చేతికొస్తుంది. నేను హ్యూస్టన్ వదిలి వచ్చింది ఆ ఒక్క కుర్చీ కోసమే. ఇన్నాళ్ళకి దేవుడు నా లెక్క సరిగ్గా వేశాడనుకుంటున్నాను.

అప్పటిదాకా ఒక హోటలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నాను. నువ్వక్కడ ఆడవాళ్ళ జుట్టుకి వేడి దువ్వెనతో ఇస్త్రీ చేస్తావు, నేనిక్కడ దుప్పట్లకి. మన వంశానికి ఇస్త్రీ రాసి పెట్టి ఉంది. గదిలో సాధన చేస్తుంటే ఇంటావిడ తలుపు బాదుతుంది. “మిస్టర్ టిల్మన్, ఆ గొట్టం నోట్లోంచి తీస్తావా, నీ పెట్టె వీధిలో పెట్టించమంటావా?” అంటుంది. అందుకని కోట్లు తగిలించే అలమరలో దూరి, కోట్ల మధ్య మొహం పెట్టి వాయించుకుంటున్నాను.

ఇక్కడ పక్క ఊళ్ళలో కొత్త పిచ్చి ఒకటి పట్టింది. శాక్సఫోన్ పట్టుకున్నవాడు బారు బల్ల ఎక్కి, గ్లాసుల మధ్య నడుస్తూ, ఒకే స్వరం పట్టుకుని గాడిదలా ఓండ్ర పెడతాడు. తర్వాత వెల్లకిలా పడుకుని కాళ్ళు కొట్టుకుంటాడు. జనం వెర్రెత్తిపోతారు. పదిహేనేళ్ళు నేర్చుకున్న విద్య దానికోసమా? నేనే గనక ఆ బల్ల ఎక్కితే నా పేరు హెర్షెల్ టిల్మన్ కాదు.

నీ తమ్ముడు
హెర్షెల్


లయన్స్ అవెన్యూ, హ్యూస్టన్
ఫిబ్రవరి 2

ఒరేయ్ హెర్షెల్,

మేజోళ్ళకి వంక పెట్టకు. నీ కాళ్ళే రెండూ ఎడమవి. చిన్నప్పుడు నీతో డాన్సు చేసిన ప్రతి పిల్లా కుంటుకుంటూ వచ్చి నాతో ఆ మాటే చెప్పింది.

షాపు బాగానే నడుస్తోంది. చర్చిలో పియానో యథాప్రకారం నేనే. మన చర్చి పెద్ద డీకన్ ప్రెంటిస్ కొత్త కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు. అవి అతని నోటికి సరిపోవో, అతని నోరే వాటికి సరిపోదో తెలియదు గానీ, ఆదివారం పాట అందించేటప్పుడు దీర్ఘం తీస్తూ తీస్తూ ఉండగా పళ్ళు జారి, గొంతు హఠాత్తుగా పైకి ఎగిరింది. సభంతా ఆయన అందించినట్టే అందుకోవాలి కదా, రెండు వందల మందీ అక్కడే ఎగిరారు. నేను పియానో వెనక తల దాచుకుని నవ్వు ఆపుకోలేక చచ్చాను. నువ్వుంటే మనిద్దర్నీ బయటికి గెంటేసేవాళ్ళు. నిజానికి పాత పళ్ళతో కూడా ఆయన అక్కడే ఎగిరేవాడు, నీకూ గుర్తుండే ఉంటుంది.

ఒక్క మాట చెబుతాను. అంత పెద్ద ఒట్లు వేయకు. ఆకలి ఎవరి ఒట్టూ వినదు. ఆ బల్ల ఎక్కి వాయించేవాడికీ ఇంట్లో పిల్లలుంటారు. నువ్వు కడుపునిండా తింటున్నావా లేదా, అది రాయి ముందు.

ఓలా మే


హార్లెమ్
మార్చి 17

అక్కా,

తీరిక లేక జవాబు ఆలస్యమైంది. తింటున్నాను. ఒంట్లో బాగానే ఉంది. విశేషాలేమీ లేవు. దీంతోపాటు నీకొక టోపీ పంపుతున్నాను, ఈస్టరుకి పెట్టుకో. నీలం రంగు నీకు బాగుంటుంది. డబ్బెక్కడిదని అడగకు.

హెర్షెల్


హ్యూస్టన్
ఏప్రిల్ 14

హెర్షెల్,

టోపీ పెట్టుకున్నాను. చర్చిలో ఆడవాళ్ళ కళ్ళన్నీ నా నెత్తి మీదే. డబ్బెక్కడిదని నేను అడగను. నాకు తెలుసు.

మూడు వారాలుగా తెలుసు. నువ్వే చెబుతావేమో అని కాచుకుని కూర్చున్నాను, కానీ నువ్వు నోరు విప్పేలా లేవు. మా షాపు పక్కనున్న హోటల్లో పాటల పెట్టె ఉందిగా. అందులో ‘బొగ్గు బండి’ అని ఒక కొత్త రికార్డు వచ్చింది. వాయించింది బిగ్ థండర్ అట. పొద్దున్న తొమ్మిదింటికి మొదలెడితే మూసేదాకా అదే మోత. మొదటిసారి అది గోడలోంచి వినబడినప్పుడు నేను మిస్ లూటీకి తల దువ్వుతున్నాను. సగం తల నున్నగా, సగం తల పొదలా ఉన్న ఆ మనిషి కుర్చీలోంచి లేచి వీధిలోకి పరిగెత్తింది. “ఓలా మే, ఆ పిల్లాడెవడో గానీ నన్ను మొగుడొదిలేసిన సంగతి వాడికెవరో చెప్పేశారే!” అంది. దువ్వెన చేతిలో పట్టుకుని నేనూ వెనకే వెళ్ళాను.

పన్నెండు ఆవర్తాలు అడుగు స్వరం ఒక్కటే పట్టుకున్నాడు. తర్వాత పై స్వరానికి ఎగిరాడు. ఎక్కడ ఎగిరాడో తెలుసా? డీకన్ ప్రెంటిస్ ఎగిరే చోటే, సరిగ్గా అంతే. ఆ చర్చిలో మొదటి వరసలో పదేళ్ళు కూర్చున్నవాడికి తప్ప ఇంకెవడికీ ఆ చోటు తెలిసే అవకాశం లేదు.

బల్లెక్కితే నీ పేరు హెర్షెల్ టిల్మన్ కాదన్నావు. మాట మీద నిలబడ్డావురా, పేరే మార్చుకున్నావు. మొరటు పాట వాయించినందుకు నాకు కోపం లేదు. ఈస్టరు టోపీ పంపి నా నోరు మూద్దామనుకున్నావు చూడు, అందుకు కోపం.

ఓలా మే


హార్లెమ్
ఏప్రిల్ 21

అక్కా,

తిట్టు, పడతాను.

ఫిబ్రవరిలో నెవార్క్‌లో ఒక బారుకి ఒక్కరోజు పిలుపు వచ్చింది. అక్కడ ఎవరు వాయించినా బల్లెక్కాల్సిందేనట. నేనెక్కనన్నాను. యజమాని నవ్వి, “అయితే నాయనా, కిందుండి నువ్వు వాయించినంతసేపూ మావాళ్ళు వెనక్కి తిరిగి తాగుతారు, నీకు అభ్యంతరం లేదుగా?” అన్నాడు. గంటసేపు వీపులకి వాయించాను. నాకెంతో ఇష్టమైన నెమ్మది పాటలు, ఒక్కొక్కటీ నెలలు కూర్చుని నేర్చుకున్నవి. ఒక్కడు తిరిగితే ఒట్టు. నా ఒళ్ళు మండిపోయి బల్లెక్కాను.

అక్కడ కార్బెట్ అనే రికార్డు కంపెనీ మనిషి ఉన్నాడు. మర్నాడే స్టూడియోకి రమ్మన్నాడు. కార్డు సంగతి చెప్పాను. “అబ్బాయ్, నిన్నెవరు అడుగుతున్నారు? రికార్డు మీద బిగ్ థండర్ అని వేస్తాం. ఆ పేరు కంపెనీది, దాని వెనక ఎవరున్నా ఒకటే” అన్నాడు. సంతకం పెట్టాను. మూడు నెలలు కోట్ల మధ్య వాయించి వాయించి నాలో ఊపిరంతా ఎదురు తిరిగి ఉంది. ఆ మూడు నిమిషాలూ నేనేమీ ఆలోచించలేదు. డీకన్ ప్రెంటిస్ ఎలా వచ్చి దూరాడో నాకే తెలియదు, నువ్వు రాసేదాకా గమనించలేదు కూడా.

అది ఇంత మోగుతుందని ఎవరనుకున్నారు? ఊరూరా కచేరీలకి రమ్మన్నారు. కార్డు పోతుందని నేను రానన్నాను. అప్పుడు కార్బెట్ ఏం చేశాడో తెలుసా, డెల్‌రాయ్ స్టబ్స్ అని ఆరడుగుల నాలుగంగుళాల మనిషిని తెచ్చి, ఎర్ర సూటు కుట్టించి, ఇతనే బిగ్ థండర్ అని పోస్టరు మీద బొమ్మ వేయించాడు. వాడిప్పుడు నా ఊపిరిని వేలంవేస్తూ దక్షిణాది అంతా తిరుగుతున్నాడు. లాండ్రీలో నా పక్కనే నిలబడే కుర్రాళ్ళు రోజంతా ఆ పాటే నోటితో ఊదుతుంటారు. ఒకడైతే నాకు నేర్పబోయాడు. “అలా కాదు హెర్షెల్, కడుపులోంచి రావాలి” అని నా కడుపు మీద కొట్టి చూపించాడు. దుప్పటి మాడింది. జీతంలో కోత పడింది.

ఇంకో మూడున్నర వారాలు నోరు మూసుకుంటే కార్డు వస్తుంది, టీగ్ గారి దగ్గర నా సొంత పేరుతో నిలబడతాను. అక్కా, నీకు దండం పెడతాను, ఎవరితోనూ అనకు.

హెర్షెల్


హ్యూస్టన్
మే 6

హెర్షెల్,

ఎవరితోనూ అనలేదు. కానీ చూడకుండా ఉండలేకపోయాను. నీ స్టబ్స్ శనివారం మా ఊరొచ్చాడు. పామెట్టో బాల్‌రూంకి మిస్ లూటీతో కలిసి వెళ్ళాను. అవును, నేనే. నీలం టోపీ పెట్టుకునే వెళ్ళాను.

చెప్పొద్దూ, మనిషి మంచివాడే. చెమటోడుస్తాడు. బల్లెక్కాడు, నడిచాడు, పడుకున్నాడు, కాళ్ళు కొట్టుకున్నాడు. జనం కుర్చీలెక్కి అరిచారు. మిస్ లూటీ చెప్పు ఒకటి విసిరేసింది, ఇంతవరకూ దొరకలేదు. అతను నీ స్వరం పట్టుకున్నాడు, పట్టుకున్నాడు, ఎగరాల్సిన చోట ఎగరలేదు. రెండడుగులు దాటాక ఎగిరాడు. మెట్టు తప్పి పడినట్టయింది నాకు. వెయ్యిమందిలో ఎవడికీ తేడా తెలియలేదు. నేనొక్కదాన్నే కూర్చుని ఉన్నాను.

అయిపోయాక దగ్గరికెళ్ళి, “ఆ దీర్ఘం ఎక్కడ నేర్చుకున్నావు నాయనా?” అని అడిగాను.

“నేర్చుకునేదేముందమ్మా, నా గుండెలోంచి వచ్చింది” అన్నాడు.

“గుండెలోంచి కాదు, మౌంట్ పిస్గా చర్చిలో కట్టుడు పళ్ళలోంచి వచ్చింది” అన్నాను. పాపం, పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, నా టోపీ బాగుందని చెప్పి వెళ్ళిపోయాడు.

మీ స్టబ్స్‌ని తిట్టుకోకు. ఇచ్చిన పని చేస్తున్నాడు. ఆ చోటు ఖాళీగా వదిలి వెళ్ళినవాడివి నువ్వే. టీగ్ గారి దగ్గర ఏమైందో వెంటనే రాయి.

ఓలా మే


హార్లెమ్
మే 22

అక్కా,

కార్డు వచ్చింది. మర్నాడే టీగ్ గారి దగ్గరికి వెళ్ళాను. పియానో, డోలు, బేస్ వాయించేవాళ్ళు కూర్చుని ఉన్నారు. నలభై నిమిషాలు వాయించాను. ఒక్క తప్పు రాలేదు. ఆయన ఎంత వేగం అడిగితే అంత వేగం, ఏ శ్రుతి అడిగితే ఆ శ్రుతి. ఆయన సిగరెట్టు ఆర్పి ఇలా అన్నాడు. అక్షరం పొల్లు పోకుండా రాస్తున్నాను, ఎందుకంటే వారం రోజులుగా నా చెవిలో ఇంకేమీ వినబడడం లేదు.

“చేతులు బాగున్నాయి, టిల్మన్. నువ్వు ఎవరెవర్ని విన్నావో, ఏ పాట ఎవరి దగ్గర ఎత్తావో వరసగా చెప్పగలను. నీలాంటివాళ్ళు ఈ వీధిలో ఇరవై మంది ఉన్నారు, అందరూ మంచి పిల్లలే. ఆ బొగ్గు బండి రికార్డు విన్నావా? మొరటు సరుకు. అయినా అందులో వాయించినవాడు ఎవర్నీ విననట్టు వాయించాడు. అలాంటివాడు కావాలయ్యా నాకు. ఆ ఎర్ర సూటువాణ్ణి పిలిపించి విన్నాను. వాడు కాదు. వాడెవడో నీకేమైనా తెలుసా?”

అక్కా, నా పరిస్థితి ఒక్కసారి ఆలోచించు. టీగ్ గారు యూనియన్ విచారణ కమిటీలో మెంబరు. జరిమానాల కాగితం మీద సంతకం పెట్టేది ఆయనే. నేనే అని చెబితే కుర్చీకి బదులు ఆ కాగితం వస్తుంది. చెప్పకపోతే ఇరవై మందిలో ఒకడిని.

“తెలియదండీ” అన్నాను.

తెలియదండీ అన్నాను, అక్కా. నా గురించి నన్నడిగితే. పోనీ వాయించి చూపిద్దామని, “ఇంకొక్కటి వాయించమంటారా?” అని అడిగి, అడుగు స్వరం పట్టుకున్నాను. కానీ ఆయన ముందు కదా, దానికి కాస్త నగిషీ చెక్కబోయాను, అటొక గమకం, ఇటొక గమకం. ఆయన మధ్యలోనే చెయ్యెత్తి, “నువ్వూ వాణ్ణి అనుకరిస్తున్నావా? వద్దులే” అన్నాడు. డోలువాడు నవ్వాడు. శాక్సఫోన్ పెట్టెలో పెట్టుకుని వచ్చేశాను. ఆ కుర్చీ ఫిలడెల్ఫియా నుంచి వచ్చినవాడికి ఇచ్చారు.

నేను అసహ్యించుకున్నదాంట్లోనే నేనున్నానట. ప్రేమించినదాంట్లో అంతా ఇతరులేనట. ఇది ఎవరికి చెప్పుకుని ఏడవాలి? ఏడవడానికి కూడా ఆ కోట్ల అలమరే దిక్కు.

హెర్షెల్


హార్లెమ్
జూన్ 4

అక్కా,

స్టబ్స్ మొబీల్‌లో బల్ల మీద నుంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మిగిలిన కచేరీలకి నన్ను వెళ్ళమని కార్బెట్ కబురు పెట్టాడు. నా బదులు వెళ్ళినవాడి బదులు ఇప్పుడు నేను వెళ్ళాలి. ఒప్పుకున్నాను. లాండ్రీ మానేశాను. టీగ్ గారి ఇరవై మందిలో ఒకడిగా ఉండడం కన్నా ఇది నయమనుకున్నాను, ఇప్పుడు అదీ నిశ్చయంగా చెప్పలేను.

షరతులు విను. పోస్టర్లు మార్చరు, వాటి మీద స్టబ్స్ మొహమే ఉంటుంది. ఆ ఎర్ర సూటే భుజాల దగ్గర దూది పెట్టి నాకు సరిచేశారు. టోపీ కళ్ళ మీదికి దించుకోవాలి. నిన్న రిహార్సల్లో కార్బెట్ ఏమన్నాడో తెలుసా? “అబ్బాయ్, నువ్వు తొందరగా ఎగురుతున్నావు. థండర్ ఇంకో రెండడుగులు వేశాక ఎగురుతాడు. జనం చూసినట్టే చెయ్యి” అన్నాడు. అలాగే చేశాను. మూడుసార్లు చేయించి, “ఇప్పుడు కుదిరింది” అన్నాడు.

మనవాళ్ళకి బానిసత్వం తప్పిన జూన్ పందొమ్మిది పండగ నాడు పామెట్టో బాల్‌రూంలో మా కచేరీ ఉంది. నువ్వు రావద్దు. నీ ముందు ఆ రెండడుగులు నేను వేయలేను. ఎవరైనా అడిగితే తమ్ముడు న్యూయార్క్‌లో ఉన్నాడని చెప్పు. నిజం బయటపడితే యూనియన్ కార్డు పోతుంది, కంపెనీ ఉద్యోగమూ పోతుంది. మర్నాడు పొద్దున్నే వెనక గుమ్మంలోంచి ఇంటికొస్తాను, కాఫీ ఇవ్వు చాలు.

హెర్షెల్


హ్యూస్టన్
జూన్ 10

హెర్షెల్,

కాఫీ ఇస్తాను. వెనక గుమ్మం మాత్రం తియ్యను.

నీకొక సంగతి చెప్పలేదు. నువ్వు కార్డు కోసం ప్రాణాలు బిగబట్టుకుని ఉన్నప్పుడు నా గొడవ ఎందుకులే అనుకున్నాను. మేలో నేను పామెట్టోకి వెళ్ళానని మర్నాటికే చర్చి అంతా తెలిసిపోయింది. తాగేచోటికి వెళ్ళిన చేతులు పియానో ముట్టకూడదని డీకన్ ప్రెంటిస్ పెద్దల్ని కూర్చోబెట్టి తీర్మానం చేశాడు. పందొమ్మిదేళ్ళు వాయించాను. ఒక్క వాక్యంతో లేపేశారు. ఇప్పుడు ఆ పియానో దగ్గర పదహారేళ్ళ పిల్ల కూర్చుంటోంది, రెండు వేళ్ళతో వాయిస్తోంది. నేను ఆరో వరసలో కూర్చుని పళ్ళు కొరుక్కుంటున్నాను. “తప్పైందని ఒక్క మాట అనెయ్యవే, మళ్ళీ కూర్చోబెడతారు” అంటుంది మిస్ లూటీ. అనను. నా తమ్ముడి పాట వినడానికి వెళ్ళాను, తప్పేముంది? వాళ్ళకి ఆ మాట చెప్పలేదు, నువ్వు వద్దన్నావు గనక. నీ గుట్టు దాచడం కోసం తాగుబోతు పాటలకి ఎగబడే మనిషినన్న పేరు మోస్తున్నాను.

ఇది నీకు బాధ కలగాలనే రాస్తున్నాను, దాపరికమేమీ లేదు.

టీగ్ గారి మాట మీద వారాల తరబడి ఏడ్చావు. ఆయన నిన్ను తీసిపారేశాడనుకున్నావు. అరే పిచ్చివాడా, న్యూయార్క్ నగరం మొత్తం మీద తనకి కావలసింది నువ్వొక్కడివే అని ఆయన నీ మొహం మీదే చెప్పాడు కదరా! నువ్వు తెలియదండీ అన్నావు. ఆయన నిన్ను కాదనలేదు, నిన్ను కాదన్నది నువ్వే. ఇప్పుడు రెండడుగులు ఆలస్యంగా ఎగరడం కూడా నేర్చుకున్నావు. ఇంకో ఆరు నెలలు పోతే నీకు నిజంగానే ఎక్కడ ఎగరాలో తెలియకుండా పోతుంది. నాకు భయంగా ఉంది.

కార్డు పోతుందంటావు. కార్డు మీదున్న పేరు వాడుకోవడం చేతకానివాడికి కార్డెందుకు? జరిమానా వేస్తే కడదాం. షాపులో రెండో కుర్చీ వేస్తాను, మిస్ లూటీ ఎప్పట్నుంచో చేరతానంటోంది. మళ్ళీ ఆరు నెలలు కాచుకోమంటే కాచుకో. కాచుకోవడం నీకు కొత్త కాదు.

నువ్వు రావద్దన్నావు, నేను వస్తున్నాను. టిక్కెట్టు కొన్నాను, బారు బల్ల పక్కనే. బల్లెక్కు, నడువు, నీ ఇష్టం వచ్చినట్టు పడుకుని కాళ్ళు కొట్టుకో, నాకేం సిగ్గు లేదు. ఆ అడుగు స్వరం పట్టుకో. డీకన్ ప్రెంటిస్ ఎగిరే చోటు రాగానే నేను లేచి నిలబడి, మౌంట్ పిస్గా చివరి వరసకి వినబడే గొంతుతో “హెర్షెల్ టిల్మన్!” అని పిలుస్తాను. వెయ్యిమంది ఉంటారు. తల తిప్పి నావైపు చూస్తావో, ఇంకో రెండడుగులు వేసి వెళ్ళిపోతావో నీ ఇష్టం.

పిలవడం మాత్రం మానను.

మీ అక్క
ఓలా మే టిల్మన్